పట్టా తెగిన చోట టపా కూడా ఆగుతుంది

ఉత్తర కొరియాలో కేసాంగ్ అనే పట్టణమున్నది. దానికి దక్షిణంగా, సరిహద్దుకు ఇవతల, దక్షిణ కొరియాలో పాజు అనే పట్టణమున్నది. పాజులోని మున్సాన్ స్టేషను నుండి కేసాంగ్ స్టేషనుకు రైలు దారిన సుమారు 27 కిలోమీటర్లు. మన ఖరగ్‌పూర్‌లో బయలుదేరిన హౌరా లోకల్ బాలీచక్ దాటి కొద్ది దూరం పోయినంత. ఆపాటి దూరం పోవడానికి యుద్ధకాలం తరువాత ఒక రైలుకు 56 సంవత్సరాలు పట్టింది. 2007లో తెరచిన ఆ దారి ఏడాదిన్నరకే మళ్లీ మూతబడింది.

ఎక్కడి కొరియా, ఎక్కడి ఖరగ్‌పూర్ అని పాఠకులు అడుగవచ్చును. రైలును నడిపేవారికి, ఉత్తరాన్ని మోసేవారికి ఈ ప్రశ్న దూరపు ప్రశ్న కాదని మా అభిప్రాయం. ప్రభుత్వాల మధ్య వైరం ముదిరినప్పుడు ముందుగా ఆగేది రైలు, ఆ వెంటనే ఆగేది టపా. ఆ రెంటినీ ఆపే ఉత్తర్వును ఎవరు వ్రాసినప్పటికిని, సిగ్నలును ఎర్రగా నిలిపేదీ, సంచిని వెనుకకు త్రిప్పి పంపేదీ మన వంటి ఉద్యోగులే. కనుక ఆ ఉత్తర్వుల మంచి చెడ్డలను గురించి మనకొక అభిప్రాయం ఉండవలసి ఉన్నది.

ముందు ఆ లైను చరిత్ర. సియోల్ నుండి కేసాంగ్, ప్యోంగ్యాంగ్‌ల మీదుగా చైనా సరిహద్దులోని సినుయిజు వరకు పోయే గ్యోంగుయి లైనును జపాన్ 1904-06 మధ్య, రష్యాతో యుద్ధం సాగించిన కాలంలో, తన సైన్యాల అవసరానికి వేసింది. 1945లో జపాన్ ఓడిపోగా అమెరికా, సోవియట్ యూనియన్‌లు 38వ అక్షాంశం వద్ద ఆ దేశాన్ని రెండుగా పంచుకొన్నవి. ఆ గీత కేసాంగ్‌కు ఉత్తరంగా పోయింది. అనగా కేసాంగ్ నాడు దక్షిణానికి చెందిన పట్టణం. 1950 జూన్ 25న యుద్ధం మొదలైనది. 1953 జులై 27న పన్‌మున్‌జోమ్‌లో యుద్ధ విరమణ ఒప్పందం కుదిరింది. కొత్త గీత కేసాంగ్‌కు దిగువగా పడింది. అక్షాంశానికి దిగువ నున్న ఊరు ఉత్తరానికి చెందినదైనది. కొర్యో రాజులకు నాలుగు శతాబ్దాలకు పైగా రాజధానిగా వెలసిన ఆ పట్టణంలో ఒక వీధివారు ఆ మూడేళ్లలో ఎటు పారిపోయారన్న దానిని బట్టి శాశ్వతంగా రెండు దేశాల పౌరులైనారు. గీతకు ఇరుప్రక్కల రెండేసి కిలోమీటర్ల చొప్పున నాలుగు కిలోమీటర్ల వెడల్పున నిస్సైనిక మండలం ఏర్పడింది. పేరుకు నిస్సైనికం, కాని దాని రెండు అంచులలో ఉన్నంత సైన్యం, మందుపాతరలు ప్రపంచంలో మరెక్కడనో గాని కానరావు. శాంతి ఒప్పందం మాత్రం నేటి వరకు జరుగలేదు.

ఈ కథలో భారతదేశానికి భాగమున్నది. ఐక్యరాజ్య సమితి పిలుపు మీద మన ప్రభుత్వం సైన్యాన్ని పంపక, లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వాన 60వ పారాచూట్ ఫీల్డు అంబులెన్సు అనే వైద్య దళాన్ని పంపింది. 1950 డిసెంబరులో ప్యోంగ్యాంగ్ నుండి వెనుకకు తగ్గవలసి వచ్చినప్పుడు ఆ దళానికి వాహనాలు లేవు. వైద్య పరికరాలను వదలి పొమ్మన్నారు. వదలడానికి వారికి మనసొప్పలేదు. స్టేషనులో ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు కనిపించినవి. ఇంజను సంగతి కొంత తెలిసినవారు దళంలోనే ఉన్నారు. మనుషులు వరుసగా నిలబడి బక్కెట్లతో నీరు అందించి బాయిలరు నింపి, నిప్పు రాజేసి, పరికరాలన్నీ ఎక్కించుకొని నది దాటి సియోల్ దిక్కుకు వచ్చినారు. ఫైర్‌మన్ పని అంటే ఏమిటో ఎరిగిన ఖరగ్‌పూర్ పాత కాపులకు ఆ చలిలో ఆ పని ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

అటు పిమ్మట, 1953లో, స్వదేశానికి తిరిగి పోవడానికి సమ్మతించని 22 వేలకు పైచిలుకు యుద్ధ ఖైదీల సంగతి తేల్చే తటస్థ దేశాల సంఘానికి భారతదేశమే అధ్యక్షత వహించింది. జనరల్ తిమ్మయ్య ఆ సంఘానికి అధ్యక్షుడు. జనరల్ థోరట్ క్రింద భారత రక్షక దళం ఆ ఖైదీలను కాపలా కాసింది. సియోల్ ప్రభుత్వం మన సైనికులను తన నేలపై కాలు మోపనీయనందున ఓడ దిగిన వారిని హెలికాప్టర్లలో ఆ నిస్సైనిక మండలానికి చేర్చవలసి వచ్చింది. ఖైదీలలో 88 మంది ఉత్తరానికీ పోక, దక్షిణానికీ పోక, తటస్థ దేశమే కావాలని కోరి మన దళంతో భారతదేశానికి వచ్చినారు. తమ ఊరికి తిరిగి పోయే దారి లేదని తేలిన మనుషులు ఎంత దూరమైనా పోతారనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక రైలు సంగతి. 1950 డిసెంబరు ఆఖరి రోజున, ఉత్తరం నుండి వెనుకకు వస్తున్న ఒక ఆవిరి ఇంజను పాజు సమీపంలోని జాంగ్‌దాన్ స్టేషనులో ఆగింది. శత్రువు చేతికి చిక్కరాదని స్వపక్షం సైన్యమే దానిని తుపాకులతో తూట్లు పొడిచింది. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా అది నిస్సైనిక మండలంలో తుప్పు పట్టింది. దాని పొట్టలో నుండి ఒక మల్బరీ చెట్టు మొలిచింది. తరువాత దానిని తీసికొని వచ్చి పాజులోని ఇమ్‌జింగాక్‌లో నిలిపినారు. లెక్కించగా దాని ఒంటి మీద 1,020 తూటా గాయాలు తేలినవి. చూడవచ్చినవారు ఫోటోలు తీసికొంటారు. మనము మాత్రం అందులో ఒక డ్రైవరును, ఒక ఫైర్‌మన్‌ను, ఆ రాత్రి డ్యూటీ ముగియక మునుపే చేతిలోని యంత్రాన్ని పోగొట్టుకొన్న సిబ్బందిని చూడవలసి ఉన్నది.

2000 జూన్‌లో రెండు కొరియాల అధినేతలు కలిసినారు. లైను మరల కలుపుదామన్నారు. 2002లో పాజులో దొరాసాన్ స్టేషను తెరచినారు. సియోల్ 56 కిలోమీటర్లు, ప్యోంగ్యాంగ్ 205 కిలోమీటర్లు అని అక్కడ బోర్డు వ్రాసినారు. 2007 మే 17న ఒక రైలు సరిహద్దు దాటింది. అదే ఏడు డిసెంబరు 11 నుండి గూడ్సు రైలు కేసాంగ్ ప్రక్క నున్న పారిశ్రామిక వాడకు నడిచింది. చాలా రోజులు ఆ రైలు ఖాళీగా పోయి ఖాళీగా వచ్చింది. 2008 నవంబరు 28తో అదీ ఆగినది. 2018 డిసెంబరు 26న కేసాంగ్‌లోని పన్‌మున్ స్టేషనులో లైను ఆధునీకరణకు శంకుస్థాపన ఉత్సవం జరిపినారు. ఉత్సవం జరిగింది గాని పని జరుగలేదు. 2024 అక్టోబరు 15న ఉత్తర కొరియా సరిహద్దులో గ్యోంగుయి, దొంగ్‌హే మార్గాల రోడ్లను బాంబులతో పేల్చివేసింది.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. రైలు కలిస్తే శాంతి దానంతటదే వస్తుందని మేము చెప్పడం లేదు. ఆ లైను యుద్ధానికే పుట్టినది. మన దేశంలోనూ అనేక లైన్లు తెల్లవారి సైన్యాలను, పత్తిని, బొగ్గును మోయడానికే పుట్టినవి. లైను ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి కోసం నడుస్తున్నది అనునదే ప్రశ్న.

కేసాంగ్ పారిశ్రామిక వాడ ఇందుకు తార్కాణం. 2004 డిసెంబరులో అక్కడ తయారైన మొదటి సరుకు వంట పాత్రలు. క్రమంగా 120కి పైగా దక్షిణ కొరియా కంపెనీలు చేరినవి. 54 వేల మంది ఉత్తర కొరియా కార్మికులు, అధికభాగం స్త్రీలు, అక్కడ కుట్టుమిషన్ల మీద, అసెంబ్లీ బల్లల మీద పనిచేసినారు. తొలుత కనీస వేతనం నెలకు 50 డాలర్లు. ఆ డాలర్లు కార్మికురాలి చేతికి రాలేదు. ప్రభుత్వ సంస్థకు చేరినవి. అక్కడి నుండి ఆమెకు ఎంత ముట్టవలెనో నిర్ణయించినది ఆ సంస్థయే. తాము కోరుకొన్న సంఘం పెట్టుకొనే హక్కు లేదు. యాజమాన్యాలు బోనసు ఇవ్వదలచినప్పుడు నగదుకు బదులు చాకోపై అనే తీపి బిస్కత్తులు పంచేవి. 2013 ఏప్రిల్‌లో ఉత్తర ప్రభుత్వం కార్మికులందరిని వెనుకకు పిలిచింది. సెప్టెంబరులో తిరిగి పంపింది. 2016 ఫిబ్రవరి 10న, అణు పరీక్ష, రాకెట్టు ప్రయోగాల తరువాత, దక్షిణ ప్రభుత్వం వాడను మూసివేసింది. మరునాడు ఉత్తర ప్రభుత్వం యాజమాన్యాల మనుషులందరిని వెళ్లగొట్టింది. తెరచినప్పుడు గాని, మూసినప్పుడు గాని, ఆ 54 వేల మందిని ఎవరూ సంప్రదించలేదు. దీనిని ఒక పక్షం సోదరత్వమని, మరొక పక్షం భద్రత అని పిలిచింది. కార్మికురాలికి రెండూ ఒకే నోటీసుగా అందినవి.

ఉత్తరాల సంగతి మరింత దారుణం. ప్రపంచ తపాలా సమాఖ్య 1874లో ఏర్పడింది. సభ్య దేశాలన్నింటిని ఉత్తరాల మార్పిడికి ఒకే తపాలా క్షేత్రంగా భావించవలెననునది దాని మూల సూత్రం. రెండు కొరియాలు అందులో సభ్యులే. ఖరగ్‌పూర్ నుండి సియోల్‌కు కార్డు వ్రాయవచ్చును. కాని సియోల్‌లోని తమ్ముడు కేసాంగ్‌లోని అక్కకు కార్డు వ్రాయజాలడు. 2001 మార్చి 15న ఇరుపక్షాల రెడ్‌క్రాస్‌ల ద్వారా పన్‌మున్‌జోమ్‌లో అటు మూడు వందలు, ఇటు మూడు వందలు ఉత్తరాలు చేతులు మారినవి. అదే ఒక పండుగైనది. మన సార్టింగు ఆఫీసులో ఒక మనిషి గంటలో తేల్చే కట్టలకు ఒక జాతి అర్ధ శతాబ్దం వేచింది. బంధువులను వెదకిపెట్టమని దక్షిణాన పేరు నమోదు చేసికొన్నవారు 1,30,000కు పైబడినారు. వారిలో మూడింట రెండు వంతులకు పైగా నేడు జీవించి లేరు. 2018 ఆగస్టులో జరిగిన కుటుంబాల కలయిక 2000 నుండి 21వది. అన్నింటిలో కలిసినవారు నమోదైనవారిలో కొద్దిమంది మాత్రమే.

దేశం విడిపోతే ఇది తప్పదని కొందరు అంటారు. అది సత్యం కాదు. జర్మనీ రెండుగా చీలినది. 1961లో బెర్లిన్‌లో గోడ కట్టినారు. ఐనను తూర్పు పశ్చిమాల మధ్య ఉత్తరాలు, పార్సెళ్లు సాగినవి; తనిఖీలతోనే గాని రైళ్లు నడచినవి. తల్లి పంపిన కాఫీపొడి పొట్లం కుమార్తెకు చేరినది. 1989లో గోడ కూలిన నాడు ఇరుప్రక్కల వారు ఒకరి చిరునామా ఒకరు ఎరిగియే ఉన్నారు. ప్రభుత్వాలు తలచుకొంటే వైరాన్ని ఉంచుకొని కూడా టపాను నడపగలవని ఇందువల్ల తేలుచున్నది.

ఇప్పుడు మన వాకిటి సంగతికి వద్దాము. మనమున్న పశ్చిమ బెంగాల్‌కు బంగ్లాదేశ్‌తో 2,200 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్నది. 1947లో ఆ గీత గీసినప్పుడు బెంగాల్ రైల్వే లైన్లు ముక్కలైనవి. అస్సాముకు పోయే రైలు దారి తెగిపోగా రెండేళ్లు శ్రమించి, వరద నదుల మీద వంతెనలు కట్టి, 1950 జనవరి నాటికి కొత్త లింకు లైను తెరచినారు. ఆ ఘనత ఇంజనీర్ల పేర నమోదైనది. మట్టి మోసినవారి, స్లీపర్లు పరచినవారి పేర్లు ఎక్కడా లేవు. నాడు రైల్వే ఉద్యోగులకు భారతదేశమా, పాకిస్తానా అని ఎన్నుకొమ్మన్నారు. క్వార్టరు ఇటు, తల్లిదండ్రులు అటు ఉన్నవాడు ఒక కాగితం మీద సంతకం చేసి జీవితాన్ని తేల్చుకోవలసి వచ్చింది.

దేశ విభజన తరువాత కూడా పద్దెనిమిదేళ్లు కలకత్తా నుండి తూర్పు పాకిస్తాన్‌కు రైళ్లు నడచినవన్న సంగతి నేటి యువ ఉద్యోగులు చాలామంది ఎరుగరు. 1965 యుద్ధంతో అవి ఆగినవి. 1971లో బంగ్లాదేశ్ స్వతంత్రమైనను ప్రయాణికుల రైలు తిరిగి పట్టాలెక్కడానికి 2008 ఏప్రిల్ 14 దాకా, అనగా 43 ఏళ్లు పట్టింది. మైత్రీ ఎక్స్‌ప్రెస్ తరువాత 2017లో బంధన్, 2022లో మితాలీ వచ్చినవి. 2024 జులైలో బంగ్లాదేశ్‌లోని అల్లర్లతో మూడూ నిలిచిపోయినవి. పడమటి సరిహద్దులో 1976లో ఆరంభమైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్, 2006లో తిరిగి తెరచిన రాజస్థాన్ దారి రైలు, రెండూ 2019 ఆగస్టులో ఆగినవి. 2025 మేలో, పహల్‌గాం హత్యాకాండ తరువాత, పాకిస్తాన్ నుండి వచ్చే టపా, పార్సెళ్లను మన ప్రభుత్వం నిలిపివేసింది.

ఆ హత్యాకాండలో మరణించినవారి కుటుంబాల దుఃఖం మన దుఃఖం. సరిహద్దుకు కాపలా అక్కరలేదని మేము అనము. కొరియాలో కూడా భయం కల్పితం కాదు. 1978లో ఉత్తరం వైపు నుండి తవ్విన సొరంగం ఒకటి పాజు సమీపాననే బయటపడింది. బాంబు ఉన్న పార్సెల్‌ను విప్పి చూడవలసినదే, ఆయుధమున్న పెట్టెను ఆపవలసినదే. ఆ పని రైల్వే, తపాలా ఉద్యోగులు నిత్యం చేయుచునే ఉన్నారు. కాని తనిఖీ వేరు, మూసివేత వేరు. తనిఖీ నేరస్థుణ్ణి వెదకుతుంది. మూసివేత వృద్ధురాలైన తల్లిని, మందుల కోసం వచ్చిన రోగిని, మూటలు మోసే పోర్టరును ఒకే గాటన కట్టుతుంది. 2019 తరువాత అటారీలో సరుకు మోసే పోర్టర్లు పని కోల్పోయినారు. వారికి దేశద్రోహంతో సంబంధమేమి? మూసివేతకు గడువు లేకపోవడం వల్ల తాత్కాలికమని చెప్పినది ఏళ్ల తరబడి సాగుతుంది. గ్యోంగుయి లైనును పూర్తిగా తెంచివేస్తున్నామని 2024లో ఉత్తర కొరియా ప్రకటించే దాకా, అది శాశ్వతంగా తెగిపోయినదని ఎవరూ చెప్పలేదు. అంతవరకు అదీ తాత్కాలికమే.

ఈ విషయం ఖరగ్‌పూర్ తెలుగువారికి మరింత బాగా అర్థం కావలెను. మన పెద్దలు బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి వర్క్‌షాపు పనికి, లైను పనికి ఇక్కడికి వచ్చినారు. మన రైలు జలేశ్వర్ ప్రాంతాన ఒడిశాలో ప్రవేశించి ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రలో అడుగుపెడుతుంది. రెండు రాష్ట్రాల సరిహద్దులు దాటుతాము. నిద్రలో ఉన్నవాడు గమనించడు. జీతం రోజున ఇక్కడ కట్టిన మనియార్డరు పలాస ప్రక్కన పల్లెలో తల్లికి చేరినందువల్లనే అక్కడి పొయ్యి వెలిగిన కాలమున్నది. పెళ్లి శుభలేఖ, చావు కబురు, పురిటి కార్డు ఈ లైను మీదనే, రైల్వే మెయిల్ సర్వీసు పెట్టెలలో రాత్రంతా నిలబడి సార్టు చేసిన చేతుల మీదుగా పోయినవి. 1,072 మీటర్ల మన ప్లాట్‌ఫారము చాలాకాలం ప్రపంచంలో కెల్లా పొడవైనదని పేరు పొందింది. గోరఖ్‌పూర్, హుబ్బళ్లి దానిని మించినవి. మనకు దిగులు లేదు. ప్లాట్‌ఫారము గొప్పతనం దాని పొడవులో లేదు, అక్కడ నుండి బయలుదేరిన బండి ఎక్కడి దాకా పోగలదన్న దానిలో ఉన్నది. దొరాసాన్ స్టేషను అద్దాల గోడలతో, నున్నని నేలతో మన స్టేషను కంటె అందమైనది. దానికి లేనిది తరువాతి స్టేషను మాత్రమే.

1927లో వి. వి. గిరి వంటి నాయకుల ఆధ్వర్యాన ఈ ఊరిలో సమ్మె జరిగినప్పుడు తెలుగువాడు, బెంగాలీ, ఒడియా, హిందీవాడు ఒకే పంక్తిలో నిలిచినారు. ఎవరి భాష వారికున్నను లైను ఒకటే గనుక నిలిచినారు. ఆ వారసత్వంతో మేము సమాఖ్య ముందు, ప్రభుత్వం ముందు మూడు కోరికలు ఉంచుతున్నాము.

మొదటిది: ఏ దేశంతో ఏ వివాదం వచ్చినను, వ్యక్తుల ఉత్తరాలు, మందుల పార్సెళ్లు అన్నింటికంటె చివర ఆపవలెను, అన్నింటికంటె ముందు తెరవవలెను. ఆపిన ప్రతి ఉత్తర్వుకు గడువు ఉండవలెను. గడువు తీరిన నాడు కారణం చెప్పి గాని పొడిగించరాదు.

రెండవది: సరిహద్దు స్టేషన్లలో, తపాలా మార్పిడి కేంద్రాలలో, సరుకుల యార్డులలో పనిచేసే పర్మనెంటు, కాంట్రాక్టు, కూలీ సిబ్బందికి మూసివేత కాలంలో ప్రత్యామ్నాయ పని, వేతన రక్షణ కల్పించవలెను. రాజ్యం తీసికొన్న నిర్ణయానికి మూల్యం పోర్టరు ఒక్కడే చెల్లించరాదు.

మూడవది: రైళ్లు ఆగినను లైను ఆగరాదు. గేదే, పెట్రాపోల్, అటారీ వంటి చోట్ల పట్టాలు, సిగ్నళ్లు, వంతెనలు క్రమం తప్పక పరీక్షించి నిర్వహించవలెను. గ్యాంగు తిరగని పట్టా మీద ఒక వాన కాలంలో గడ్డి, పదేళ్లలో చెట్టు మొలుస్తుంది. తిరిగి తెరుద్దామన్న బుద్ధి పుట్టిన నాడు బాగు చేయడానికి డబ్బు లేదన్న సాకు మిగులుతుంది. జాంగ్‌దాన్ ఇంజనులో మల్బరీ మొలచినది ఒక్క రోజులో కాదు.

ఈ మూడు కోరికలూ ఏ దేశానికీ అనుకూలం కావు, ఏ దేశానికీ ప్రతికూలం కావు. సభ్యులు తమ శాఖల సమావేశాలలో వీనిని చర్చించి, తీర్మానాలు చేసి సమాఖ్యకు పంపవలెనని కోరుతున్నాము. గార్డు జెండా ఊపేది బండి కదలడానికి. సార్టరు ఉత్తరాన్ని గూట్లో వేసేది అది చేరడానికి. ఆ రెండు పనులు సాగాలని కోరే హక్కు అందరికంటె ముందు ఆ పని చేసేవారికే ఉన్నది.